అప్పుల లెక్క అలసిన తలతో వేయాల్సి వస్తే

డబ్బు ఇబ్బందుల్లో ఉన్నవారికి దొరికే సలహాలు చాలావరకు నిశ్చింతగా ఉన్న మనిషి పాటించగలిగేవి. ప్రతి ఖర్చూ రాసుకోండి, పన్నెండు పద్దులుగా విడగొట్టండి, వారం వారం సరిచూసుకోండి, ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టండి అంటారు. వీటిలో తప్పేమీ లేదు. కానీ మూడు వారాలుగా సరైన నిద్రలేక, ఫోన్ మోగితే గుండె ఝల్లుమనే స్థితిలో ఉన్న మనిషి చేతిలో ఈ జాబితా పెడితే రెండో రోజుకే మూలన పడుతుంది. పైగా ‘ఇది కూడా నా వల్ల కాలేదు’ అన్న బాధ పాత బాధకు తోడవుతుంది. అక్కడ లోపం ఆ మనిషిలో లేదు, ఆ ప్రణాళికలో ఉంది. ఆర్థిక ఒత్తిడి అన్నిటికంటే ముందు దెబ్బతీసేది ప్రణాళిక వేసుకుని దాని మీద నిలబడే శక్తినే. కాబట్టి బయటపడే దారి కూడా అలసిన తలకు అందేంత చిన్నదిగా ఉండాలి, తక్కువ నిర్ణయాలతో నడవాలి.

ఒంట్లో జరిగేది

బాకీ నోటీసు చదివినప్పుడూ, ఎదురుగా వాహనం దూసుకొచ్చినప్పుడూ శరీరం మోగించే గంట ఒకటే. మెదడులోని హైపోథాలమస్ నుంచి పిట్యూటరీ గ్రంథి మీదుగా, నాడుల మీదుగా మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథులకు కబురు అందుతుంది. అవి అడ్రినలిన్‌ను, ఆ వెనుకే కార్టిసాల్‌ను (రెండూ ఒత్తిడి హార్మోన్లే) విడుదల చేస్తాయి. గుండె వేగం, రక్తపోటు, రక్తంలో గ్లూకోజ్ పెరుగుతాయి, జీర్ణక్రియ నెమ్మదిస్తుంది. ప్రమాదం పది నిమిషాల్లో తప్పిపోతే ఈ ఏర్పాటు ప్రాణాలు కాపాడుతుంది. 36 నెలల వాయిదా పది నిమిషాల్లో తప్పిపోదు. గంట ఆగకుండా మోగుతూ ఉంటే ఒంటి మీద పేరుకునే అరుగుదలకు బ్రూస్ మెక్‌ఎవెన్, ఎలియట్ స్టెల్లార్ అనే శాస్త్రవేత్తలు 1993లో ‘అలోస్టాటిక్ లోడ్’ అని పేరు పెట్టారు. అధిక రక్తపోటు, నడుం చుట్టూ కొవ్వు, చక్కెర అదుపు తప్పడం, తరచూ జబ్బు పడడం దాని జాడలు.

చాలామంది డబ్బు బాధతో ముడిపెట్టుకోని లక్షణాలు కొన్ని ఉన్నాయి. పొద్దున లేచేసరికి దవడ నొప్పి (రాత్రంతా పళ్లు బిగించి పడుకున్నందుకు), మెడా భుజాలూ పట్టేయడం, ఛాతీలో మంట, కడుపు పాడవడం, చిన్న విషయానికే ఇంట్లోవాళ్ల మీద విరుచుకుపడడం, పెట్టిన వస్తువు ఎక్కడ పెట్టామో మరిచిపోవడం. వీటికి విడివిడిగా మందులు వాడుతూ, అసలు కారణాన్ని డాక్టర్‌కు చెప్పనివారు ఎక్కువ. ‘ఈ మధ్య డబ్బు ఇబ్బందులున్నాయి, నిద్ర పట్టడం లేదు’ అన్న ఒక్క మాట డాక్టర్ రాసే మందును, చేయించే పరీక్షను మార్చగలదు. అదే డబ్బుకు వెనకాడి రక్తపోటు మాత్రలు రోజు విడిచి రోజు వేసుకోవడం మాత్రం ఏ లెక్కన చూసినా నష్టమే. ఆ పొదుపును ఒక్క ఆసుపత్రి బిల్లు మింగేస్తుంది. ధర భారమైతే అదే మందు జనరిక్‌లో ఉందా అని అడగాలి తప్ప మోతాదు తగ్గించుకోకూడదు.

తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చి మళ్లీ కునుకు పట్టకపోవడానికి కూడా శరీరంలో కారణముంది. కార్టిసాల్ అర్ధరాత్రి ప్రాంతంలో అట్టడుగుకు దిగి, వేకువకు మెల్లగా పెరుగుతూ, లేచిన అరగంట, ముప్పావు గంటకు శిఖరానికి చేరుతుంది. రాత్రి చివరి భాగంలో నిద్ర ఎలాగూ పలచన. ఆందోళన తోడైతే ఆ పలచని పొర తెగుతుంది. అప్పుడు తలలో తిరిగే అంకెలు పగటి అంకెలకంటే పెద్దవిగా కనిపిస్తాయి. అందుకే రాత్రి పూట ఏ ఆర్థిక నిర్ణయమూ తీసుకోకూడదు, బ్యాంకు యాప్ తెరవకూడదు అన్న నియమం చిన్నదిగా కనిపించినా గట్టిది. ఫోన్‌లో నిమిషాల్లో అప్పు దొరికే కాలంలో దాని విలువ ఇంకా పెరిగింది.

తలలో చోటు తగ్గిపోవడం

డబ్బు కొరత ఆలోచనను ఎలా ఆక్రమిస్తుందో చూపడానికి ఆనంది మణి, సెంధిల్ ముల్లైనాథన్, ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావో 2013లో ‘సైన్స్’ పత్రికలో రెండు ప్రయోగాలు ప్రచురించారు. ఒకటి అమెరికాలోని న్యూజెర్సీలో, ఒక షాపింగ్ మాల్‌లో జరిగింది. కారు రిపేరుకు 150 డాలర్లు అవుతుందని ఊహించుకున్నప్పుడు తక్కువ ఆదాయం వాళ్లు, ఎక్కువ ఆదాయం వాళ్లు తర్కపరీక్షలో సమానంగా చేశారు. 1,500 డాలర్లు అనుకోమన్నప్పుడు తక్కువ ఆదాయం వాళ్ల ఫలితం బాగా పడిపోయింది. రెండోది తమిళనాడు చెరకు రైతులతో జరిగింది. అదే రైతులు కోతకు ముందు, చేతిలో డబ్బు ఆడనప్పుడు చేసినదానికంటే కోత తరువాత మెరుగ్గా చేశారు. అయితే 2016లో అమెరికాలో కార్వాల్యో, మయర్, వాంగ్ జీతం రోజుకు ముందూ వెనకా పోల్చి చూస్తే ఆలోచనాశక్తిలో అలాంటి తేడా కనబడలేదు. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేస్తున్నాయనుకోవడం తొందరపాటు. జీతం ఏ రోజు వస్తుందో తెలుసు, రెండు రోజులు సర్దుకుంటే సరిపోతుంది. అనుకోకుండా మీద పడే రిపేరుకో, కోత దాకా సాగే ఎదురుచూపుకో అలాంటి భరోసా లేదు. మనిషిని ఎక్కువ తినేసేది కొరతకంటే దాని అనిశ్చితి అని ఇక్కడ అనిపిస్తుంది. ఇది నిజమైతే మొదటి మందు డబ్బు కాదు, స్పష్టత. అది చేతిలో పైసా లేనివారికీ అందుబాటులో ఉంటుంది.

స్పష్టతకు అడ్డుపడేది చూడకుండా తప్పించుకునే గుణం. కార్ల్‌సన్, లోవెన్‌స్టీన్, సెప్పి 2009లో మదుపరులను పరిశీలిస్తే, షేర్ల ధరలు పడుతున్న రోజుల్లో వాళ్లు తమ ఖాతాలు చూసుకోవడం తగ్గించారు. ఆపద వస్తే ఇసుకలో తల దూర్చుకుంటుందని చెప్పుకునే పక్షి పేరున దీన్నే నిప్పుకోడి ధోరణి అంటారు. బాకీల్లో ఉన్నవారి విషయంలో ఇది తెరవని మెసేజ్‌గా, చింపని కవరుగా, ఎత్తని ఫోన్‌గా కనిపిస్తుంది. చూడనప్పుడు దొరికే ఉపశమనం నిజమైనదే, అయితే దాని ఖరీదు ఆలస్య రుసుముగా, అపరాధ వడ్డీగా జమ అవుతూ ఉంటుంది. చూడకపోవడం సోమరితనం కాదని తెలిస్తే చూడడం కొంత తేలికవుతుంది.

ఒక కాగితం, నలభై నిమిషాలు

మొదటి పని పొద్దున పూట, ఏదైనా తిన్నాక, నలభై నిమిషాలకు మించకుండా చేయాలి. ఒక కాగితం మీద ఆరు గడులు గీయాలి: ఎవరికి ఇవ్వాలి, ఇంకా ఎంత బాకీ ఉంది, వడ్డీ ఎంత, నెలకు కట్టాల్సింది ఎంత, ఏ తేదీకి, కట్టకపోతే ఏం పోతుంది. ఆరో గడి ఎవరూ రాయరు. అసలు నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి. రాసేటప్పుడు దొర్లే పొరపాట్లు దాదాపు అందరికీ ఒకటే: నెల వాయిదా మాత్రమే రాసి మిగిలిన అసలు వదిలేయడం, స్నేహితుల దగ్గర తీసుకున్న చేబదుళ్లు మరిచిపోవడం, ఇతరుల అప్పుకు ఇచ్చిన హామీని లెక్కలోకి తీసుకోకపోవడం, ఏడాదికోసారి వచ్చే బీమా ప్రీమియం, ఫీజులు, పన్నులు వదిలేయడం. ఏడాది ఖర్చుల్ని 12తో భాగించి నెల ఖర్చులో కలపాలి. ‘అనుకోని ఖర్చు’ అని మనం బాధపడేవాటిలో చాలావాటి తేదీ ఏడాది ముందే తెలిసి ఉంటుంది.

వడ్డీ గడిలో ఒక జాగ్రత్త. అన్ని వడ్డీలనూ ఒకే కొలతలోకి మార్చకపోతే పోలిక తప్పుతుంది. నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 శాతం. వడ్డీ మీద వడ్డీ పడితే అది 42 శాతం దాటుతుంది. ‘ఫ్లాట్ వడ్డీ 10 శాతమే’ అన్న మాట ఇంకా మోసపూరితం. రెండేళ్లకు తీసుకున్న లక్ష మీద ఫ్లాట్ 10 శాతమంటే మొత్తం 1,20,000, నెలకు 5,000 కట్టాలి. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి లక్ష మీదే వేస్తున్నారు. తగ్గే బాకీ మీద లెక్కిస్తే అది ఏడాదికి 18 శాతం పైచిలుకు.

కాగితం నిండాక కింద మొత్తం వేయాలి. ఆ రోజుకు అక్కడితో ఆపాలి. ఏ అప్పు ముందు కట్టాలి, ఏది అమ్మాలి, ఎవర్ని అడగాలి అన్న నిర్ణయం ఏదీ అదే రోజు తీసుకోకూడదు. చూసే పని, తేల్చే పని వేరువేరు రోజుల్లో పెట్టుకోవడం వల్ల రెండూ జరుగుతాయి. ఒకే రోజు పెట్టుకుంటే భయంతో రెండూ ఆగుతాయి, లేదా ఆ భయంలోనే ఒక కొత్త అప్పు పుడుతుంది.

తేదీల చిక్కు

నెల మొత్తం మీద చూస్తే సరిపోయే ఆదాయం కూడా తేదీల దగ్గర తడబడుతుంది. జీతం 1న వస్తే, ఒక వాయిదా 5న, ఇంకొకటి 22న, మూడోది 28న ఉన్నాయనుకుందాం. 22 నాటికి చేతిలో డబ్బు అడుగంటుతుంది. ఆటోమేటిక్ చెల్లింపు తిరిగిపోతుంది. బ్యాంకు ఒక రుసుము వేస్తుంది, అప్పిచ్చిన సంస్థ ఇంకొకటి వేస్తుంది, చెల్లింపుల చరిత్రలో మచ్చ పడుతుంది. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. చేయాల్సింది గడువు తేదీని ఆదాయం వచ్చిన వారంలోకి మార్చమని అడగడం. చాలా క్రెడిట్ కార్డు, రుణ సంస్థలు అడిగితే మారుస్తాయి. అడిగేవారే తక్కువ.

ఆ తరువాత రెండు ఖాతాలు చాలు. ఆదాయం వచ్చిన రోజే స్థిరమైన చెల్లింపులన్నిటి మొత్తాన్ని ఒక ఖాతాలోకి మార్చేసి, ఆటోమేటిక్ చెల్లింపులన్నీ దానికే కట్టాలి. ఆ ఖాతాకు కార్డు చేతిలో ఉంచుకోకూడదు. మిగిలిన డబ్బు రెండో ఖాతాలో ఉంటుంది. దాన్ని వారాలతో భాగిస్తే వచ్చే ఒక్క అంకె గుర్తుంచుకుంటే సరిపోతుంది: ఈ వారం ఇంత. పన్నెండు పద్దుల బడ్జెట్ పక్కన ఇది మొరటుగా కనిపిస్తుంది, కానీ నిద్రలేని మనిషి కూడా దీన్ని నడపగలడు. భాగించేటప్పుడు 4 కాకుండా 4.5 పెట్టాలి. 31 రోజుల నెలలో నాలుగు వారాల మీద మూడు రోజులు మిగులుతాయి, ఆ మూడు రోజులే చేబదుళ్లకు పుట్టినిల్లు.

ఆదాయం నెలనెలా మారేవారు సగటుతో లెక్క వేయకూడదు. గత 12 నెలల్లో అతి తక్కువ వచ్చిన నెలను తీసుకుని, స్థిర ఖర్చులు దానిలో ఇముడుతాయో లేదో చూడాలి. ఇమడకపోతే సమస్య వాయిదాల్లోనో అద్దెలోనో ఉంది, టీ ఖర్చులో కాదు. చిన్న ఖర్చుల మీద పడి తనను తాను నిందించుకునేవారు ఆ శ్రమనంతా పెద్ద ఖర్చుల్లో ఒక్కదాన్ని మార్చడం మీద పెడితే ఫలితం ఎన్నో రెట్లు ఉంటుంది.

ఎవరికి ముందు కట్టాలి

ఒత్తిడిలో ఉన్న మనిషి సాధారణంగా ఎక్కువ ఫోన్లు చేసేవాడికి ముందు కడతాడు. ఇది సహజమే గానీ తప్పు. కట్టకపోతే ఎక్కువ పోయేది ముందు కట్టాలి. తల మీద కప్పు, తిండి, కరెంటు, నీళ్లు, మందులు, సంపాదనకు ఆధారమైన వాహనమో పనిముట్టో మొదటి వరసలోవి. ఇల్లో బంగారమో తాకట్టు ఉన్న అప్పులు ఆ వెంటనే. హామీ ఏదీ లేని కార్డు బాకీ, వ్యక్తిగత రుణం ఆ తరువాత. ఈ చివరివాళ్లే ఎక్కువగా గొంతు పెంచుతారు, ఎందుకంటే స్వాధీనం చేసుకోవడానికి వాళ్ల చేతిలో వస్తువేమీ లేదు. గొంతే వాళ్ల సాధనం. కాగితం మీది ఆరో గడి ఈ గొంతుకు విరుగుడు.

మొదటి వరస అయ్యాక మిగిలేదాన్ని ఎలా పంచాలన్న దగ్గర కనీస చెల్లింపు అనే ఉచ్చు ఉంటుంది. కార్డు మీద లక్ష బాకీ, నెలకు 3 శాతం వడ్డీ, కనీస చెల్లింపు మొత్తంలో 5 శాతం అనుకుందాం. మొదటి నెల వడ్డీతో కలిపి 1,03,000, కట్టేది 5,150. మిగిలేది 97,850. బాకీ తగ్గే కొద్దీ కనీస చెల్లింపూ తగ్గుతుంది. మంచిదే కదా అనిపిస్తుంది. కొత్తగా ఒక్క రూపాయి వాడకపోయినా ఏడాదిలో సుమారు 55,000 కట్టాక బాకీ ఇంకా 77,000 ఉంటుంది. సగానికి తగ్గడానికే 32 నెలలు పడుతుంది. అదే మనిషి మొదటి నెల కట్టిన 5,150నే తగ్గించకుండా ప్రతి నెలా కడితే 30 నెలల్లో మొత్తం తీరిపోతుంది. అదనంగా ఒక్క పైసా తేనక్కర్లేదు, బిల్లు మీద తగ్గిన అంకెను పట్టించుకోకుండా ఉంటే చాలు. నెలకు 7,000 పెట్టగలిగితే 19 నెలలు. కాబట్టి కార్డు యాప్‌లో ‘కనీస మొత్తం’ అన్న ఆటోమేటిక్ ఎంపిక తీసేసి ‘స్థిరమైన మొత్తం’ పెట్టడం ఐదు నిమిషాల పని, దాని ఫలం రెండేళ్ల పైన ఉంటుంది.

అప్పులు నాలుగైదు ఉన్నప్పుడు లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీదాన్ని ముందు కొట్టాలి. మనసు మాత్రం చిన్నదాన్ని ముందు తీర్చేయమంటుంది. ఇక్కడ మనసు మాటకూ విలువ ఉంది. సింగపూర్‌లో ఓంగ్, థిసీరా, ఎన్జీ 2019లో ప్రచురించిన అధ్యయనంలో, తక్కువ ఆదాయ కుటుంబాల అప్పుల్ని ఒక దాతృత్వ సంస్థ తీర్చిన మూడు నెలల తరువాత వారి ఆందోళన తగ్గింది, ఆలోచనాశక్తి మెరుగైంది. గమనించాల్సినది, తీర్చిన మొత్తం ఒకటే అయినా పూర్తిగా మూసుకుపోయిన అప్పు ఖాతాలు ఎక్కువ ఉన్నవారికి మేలు ఎక్కువ జరిగింది. ప్రతి తెరిచిన ఖాతా తలలో ఒక చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల మధ్యేమార్గం మంచిది: రెండు మూడు నెలల్లో తీరిపోయే చిన్న బాకీ ఒకటో రెండో ముందు మూసేయాలి, ఆ తరువాత కచ్చితంగా ఎక్కువ వడ్డీ వైపు తిరగాలి. 8,000 బాకీ మీద 12 శాతం వడ్డీ నెలకు 80 అయితే, 60,000 కార్డు బాకీ మీద 36 శాతం నెలకు 1,800. రెండు నెలల ఉపశమనానికి ఇంత ఆలస్యం భరించవచ్చు, ఏడాది పాటు చిన్నవాటి చుట్టూనే తిరగడం భరించరానిది.

అప్పులన్నీ కలిపి ఒకటి చేసే రుణం గురించి ఒక్క లెక్క చూస్తే చాలు. లక్ష బాకీకి ఏడాదికి 24 శాతం వడ్డీతో రెండేళ్ల వాయిదా నెలకు సుమారు 5,290. దాన్ని 16 శాతానికి, ఐదేళ్లకు మారిస్తే వాయిదా 2,430కి దిగుతుంది. వడ్డీ రేటు తగ్గింది, వాయిదా సగానికి పైగా తగ్గింది. కానీ మొత్తం వడ్డీ సుమారు 26,900 నుంచి 45,900కి పెరిగింది. ఊపిరాడని స్థితిలో ఇది తప్పు నిర్ణయం కాకపోవచ్చు, అయితే తెలిసి చేయాలి. ముందే కట్టేస్తే రుసుము లేని రుణమా కాదా చూసుకోవాలి. పాత కార్డుల పరిమితి తగ్గించకుండా ఈ పని చేస్తే ఏడాది తిరిగేసరికి కొత్త రుణమూ పాత కార్డు బాకీ రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఈ ఏర్పాటు ఎక్కువగా చెడేది అక్కడే.

ఇవ్వాల్సినవారితో మాట్లాడడం

గడువు దాటాక చేసే ఫోన్‌కంటే దాటకముందు చేసే ఫోన్‌కు విలువ ఎక్కువ. దాటకముందు చేస్తే బాధ్యత తెలిసిన మనిషి అడుగుతున్నట్టు ఉంటుంది, దాటాక చేస్తే సంజాయిషీ అవుతుంది. మాట్లాడాల్సింది నాలుగు ముక్కలు: ఆదాయంలో ఏం మారింది, అది ఎన్నాళ్లు ఉండవచ్చు, ఇప్పుడు నెలకు కచ్చితంగా ఎంత కట్టగలం, అడుగుతున్నది ఏమిటి (గడువు పెంపా, వడ్డీ తగ్గింపా, మూడు నెలల విరామమా). ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని చూసి చదవడంలో చిన్నతనం లేదు. గొంతు వణికినా మాట తప్పిపోదు. విరామం ఇస్తామంటే ఆ నెలల్లో వడ్డీ నడుస్తుందా అని తప్పక అడగాలి, చాలావరకు నడుస్తుంది. ఒప్పుకున్నది రాతపూర్వకంగా పంపమనాలి. తేదీ, మాట్లాడిన మనిషి పేరు, చెప్పిన మాట రాసిపెట్టుకోవాలి.

ఈ సంభాషణల్లో జరిగే పెద్ద తప్పు మొహమాటం. ఫోన్ పెట్టేయాలన్న ఆరాటంలో ఎక్కువ ఒప్పుకుంటారు. 3,000 కట్టగలిగినవారు 6,000 అంటారు, మొదటి నెలే తప్పుతారు, ఆ తరువాత ఎవరూ నమ్మరు. ‘రేపు చూసుకుని చెప్తాను’ అనే మాట ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది.

రాత్రిళ్లు, ఇంట్లో మాటలు

ఆందోళనను అణిచేయడం కుదరదు గానీ దానికి వేళ కేటాయించవచ్చు. సాయంత్రం రోజూ ఒకే సమయంలో 20 నిమిషాలు, మంచం మీద కాకుండా కుర్చీలో కూర్చుని, తలలో తిరిగేవన్నీ రాయాలి. ఒక్కొక్కదాని పక్కన ‘చేయగలిగిన తరువాతి పని’ ఏదో, ఏ రోజు చేస్తామో రాయాలి. చేయగలిగింది లేకపోతే ‘లేదు’ అని రాయాలి. రాత్రి అదే ఆలోచన వస్తే దానికి రేపు సాయంత్రం వేళ ఉందని చెప్పుకోవడం వారం పది రోజులకు పని చేయడం మొదలుపెడుతుంది. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్కలిన్ బృందం 2018లో 57 మంది యువకుల మీద చేసిన ప్రయోగంలో, పడుకునే ముందు ఐదు నిమిషాలు చేయాల్సిన పనుల జాబితా రాసినవారు, అయిపోయిన పనులు రాసినవారికంటే సగటున 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. జాబితా ఎంత వివరంగా ఉంటే నిద్ర అంత త్వరగా పట్టింది. ‘అప్పుల సంగతి’ అని రాస్తే చాలదు. ‘మంగళవారం పది గంటలకు కార్డు సంస్థకు ఫోన్, గడువు 5కి మార్చమనాలి’ అని రాయాలి.

ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి వేరే చోట తక్కువ వెలుతురులో కూర్చుని, కునుకు వచ్చినప్పుడే మంచానికి రావాలి. నిద్ర కోసం మద్యం తాగితే త్వరగా పడుతుంది, రాత్రి రెండో భాగంలో తునకలవుతుంది, అంటే సరిగ్గా మూడు గంటల మెలకువ దగ్గర. పగలు అరగంట వేగంగా నడవడం ఖర్చులేని మందు. దాన్ని చివరిదాకా వదలకూడదు.

అప్పు దాచిపెట్టడం అప్పుకంటే ఎక్కువ అలసట తెస్తుంది. ఏ మెసేజ్ ఎవరి కంట పడుతుందో అన్న కాపలా రోజంతా నడుస్తుంది. భార్యాభర్తల మధ్య ఈ మాట తేవడానికి రాత్రి భోజనం తరువాత అనువైన వేళ కాదు, గొడవ మధ్యలో అసలు కాదు. సెలవు రోజు పొద్దున, అరగంట, ఆ ఆరు గడుల కాగితం ఇద్దరి మధ్యా పెట్టుకుని కూర్చోవాలి. ఇద్దరూ కాగితం వైపు చూస్తుంటే ఒకరి వైపు ఒకరు వేలు చూపుకోవడం తగ్గుతుంది. ‘నువ్వు ఎందుకు చేశావు’ అన్న ప్రశ్న ఆ రోజుకు పక్కన పెట్టి ‘ఇప్పుడు ఎక్కడున్నాం’ అన్నదానితో మొదలుపెట్టాలి. ఎంత ఇరుకులో ఉన్నా ఇద్దరికీ లెక్క చెప్పనక్కర్లేని చిన్న మొత్తం వారానికి కొంత ఉండాలి. అది లేని పథకాలు దొంగ ఖర్చులతో కూలిపోతాయి. పిల్లలకు మొత్తాలు చెప్పనవసరం లేదు. ‘కొన్నాళ్లు ఖర్చు తగ్గిస్తున్నాం, ఇల్లు, బడి అలాగే ఉంటాయి, ఇది మీ తప్పు కాదు’ అన్న మూడు ముక్కలు చెప్పాలి. చెప్పకపోతే వాళ్లు అంతకంటే భయంకరమైనది ఊహించుకుంటారు.

సొంతంగా నెట్టుకురాలేని దశ

దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి తప్పడం రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ ఉంటే అది బడ్జెట్‌తో తగ్గేది కాదు. డాక్టర్‌నో మానసిక నిపుణులనో కలవాలి. అప్పు తీరాక వెళ్దామని ఆగితే అప్పు తీర్చే శక్తి అంతవరకు నిలవదు. ‘నేను లేకపోతే వీళ్లకు భారం తగ్గుతుంది’ అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అది అత్యవసరమే. ఆ మాట వెంటనే ఒక మనిషికి చెప్పాలి, ఒంటరిగా ఉండకూడదు, ఆ రాత్రే ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి, లేదా ఆసుపత్రికి వెళ్లాలి. పక్కనున్నవాళ్లకు అనుమానం వస్తే సూటిగా అడగాలి, ‘చనిపోవాలని అనిపిస్తోందా?’ అని. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. చాలామందికి అలా అడిగిన మొదటి మనిషే ఊపిరి. వాయిదాలు మార్చుకోవచ్చు, వడ్డీలు మాఫీ చేయించుకోవచ్చు, దివాలా ప్రకటించుకునే చట్టాలు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. అప్పు ఎంత పెద్దదైనా అది ఒప్పందమే, ఒప్పందాలకు చట్టంలో ముగింపులు రాసి ఉన్నాయి.

బాకీలు తీరుతున్నప్పుడే చిన్న నిల్వ

వడ్డీ కడుతూ డబ్బు దాచడమేమిటన్న ప్రశ్న సబబే. అయినా కొంత దాచాలి. నిల్వ ఏదీ లేకపోతే మొదటి రిపేరు మళ్లీ కార్డు మీదకే వెళ్తుంది, ఆరు నెలల శ్రమ ఒక్క పూటలో పోతుంది. 30 రోజుల్లో 2,000 డాలర్లు తేగలరా అని అమెరికా కుటుంబాలను లుసార్డి, ష్నైడర్, టుఫానో అడిగితే దాదాపు సగం మంది కష్టమన్నారని 2011లో వెల్లడించారు. ఈ ఇబ్బంది బొత్తిగా సంపాదన లేనివారికే పరిమితం కాదని దాంతో తెలిసింది. మొదటి లక్ష్యం ఆరు నెలల ఖర్చు కాకూడదు, అది కంటికి ఆనని దూరం. ఇంట్లో ఈ ఏడాది చెడిపోయే అవకాశం ఎక్కువగా ఉన్న ఒక వస్తువును మార్చడానికో బాగు చేయించడానికో అయ్యేంత చాలు. ఆ తరువాత ఒక నెల తప్పనిసరి ఖర్చులు. దాన్ని రోజువారీ ఖాతాలో కాకుండా వేరే బ్యాంకులో, తీయాలంటే ఒక రోజు పట్టే చోట ఉంచాలి.

ఒక అప్పు తీరిన నెలలో చేతికి వచ్చే వెసులుబాటు ఎటు పోయిందో చాలామంది చెప్పలేరు. అందుకని చివరి వాయిదా కట్టిన రోజే, అదే మొత్తాన్ని, అదే తేదీకి, తరువాతి బాకీకో నిల్వ ఖాతాకో వెళ్లేలా ఆటోమేటిక్ చెల్లింపు మార్చేయాలి. ఆ మొత్తం లేకుండా బతకడం ఇంటికి అప్పటికే అలవాటైంది. ఇక ఫోన్ మోగినప్పుడు గుండె ఝల్లుమనడం బాకీలతో పాటే ఆగిపోదు, కొన్ని నెలలు కొనసాగుతుంది. ఆ నెలల్లో కూడా సాయంత్రం ఇరవై నిమిషాల కుర్చీని, అరగంట నడకను అలాగే ఉంచుకోవాలి.